పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, నేను

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని చెప్పిన పెద్దాయన ఎవరో గానీ, ఆయన ఆఫీసులో ఇంటర్‌నెట్ లేదని మాత్రం ఘంటాపథంగా చెప్పగలను. ఉండి ఉంటే ఆ మాట అనేవాడే కాదు. "రెండేం సరిపోతాయి నాయనా, మూడో పడవ కూడా చూసుకో" అనేవాడు.

పాఠక మహాశయులారా, ఒక్క ఇంటర్‌నెట్‌తో కాలక్షేపం చేస్తున్న ఆఫీసుల్ని చూస్తే నాకు జాలేస్తుంది. అది కాస్తా పోతే వాళ్లేం చేస్తారు? కుర్చీ వెనక్కి వాల్చి ఒళ్లు విరుచుకుంటారు. పక్క సీటావిణ్ని, మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతారు. కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తారు. ఎంత అనాగరికం! మా ఆఫీసులో అలాంటి పనులు జరిగి చాలా కాలమైంది. మాకు మూడు కంపెనీల ఇంటర్‌నెట్లున్నాయి మరి.

మాది సీసా మూతలు అమ్మే కంపెనీ. నవ్వకండి. ఈ పూట మీరు తెరిచిన సీసా మూత మాదే అయినా అయ్యుండచ్చు. ఆర్డర్లన్నీ నెట్‌లోనే వస్తాయి కాబట్టి, మా నెట్ పోయిందంటే ఎక్కడో ఓ సీసా నోరు తెరుచుకుని ఉండిపోతుందని మా మేనేజర్ గారి బెంగ.

మేనేజర్ గారు కుర్రాడే. మనిషి మంచివాడు. కాకపోతే లోకంలో ప్రతిదానికీ ఒక స్పేర్ ఉండాలంటాడు. కారులో స్పేర్ టైరు సరే, అందరికీ ఉంటుంది. ఈయన డ్రాయర్లో స్పేర్ చొక్కా ఉంటుంది, స్పేర్ చెప్పులుంటాయి, స్పేర్ కళ్లజోడు ఉంటుంది. అసలు కళ్లజోడు ఆయనకి లేనే లేదు. అదేమిటండీ అంటే "ముందు ముందు రావచ్చు కదా" అంటాడు. అంతటి ముందుచూపున్న మనిషి ఒక్క నెట్‌తో ఊరుకుంటాడా?

మొదట్నుంచీ ఉన్న కనెక్షన్‌కి పెద్దోడని, తర్వాత వచ్చినదానికి నడిపోడని, మొన్నీమధ్య వచ్చినదానికి చిన్నోడని మా ఆఫీసులో పేర్లు. మంచినీళ్ల ఫిల్టర్ పక్కనున్న చెక్క అలమరలో ముగ్గురి బాక్సులూ వరసగా, లైట్లు మిణుకుమనిపిస్తూ, బుద్ధిమంతుల్లా కూర్చుంటాయి. పెద్దోడు నెమ్మదస్తుడు. పని చేస్తాడు గానీ, అడిగిన ప్రతిదానికీ ఆలోచించుకుని చేస్తాడు. నడిపోడికి దూకుడెక్కువ. కానీ మబ్బు పట్టిందంటే చాలు, ముసుగు తన్ని పడుకుంటాడు. చిన్నోడు గారాబంగా వచ్చినవాడు. పొద్దున్నంతా పరుగులే. భోజనాల వేళయ్యేసరికి కూర్చున్నచోటే కునికిపాట్లు.

ఇక ఆ అలమరలో నాలుగోవాణ్ని నేను.

నిజానికి నేను ఈ ఆఫీసులో అకౌంటెంటుని. పెద్దోడు ఒక్కడే ఉన్న రోజుల్లో ఒకసారి నెట్ పోయింది. నీళ్లు తాగడానికి వెళ్లినవాణ్ని తాగి రావచ్చు కదా? చెయ్యి ఊరుకోక, అలమర తెరిచి, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. నెట్ వచ్చింది. హాలంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి.

ఆ పూట నుంచి నా పేరు లైన్ బాబాయ్. నడిపోడు వచ్చాక, పెద్దోడు పడిపోతే వాడి వైరు పీకి నడిపోడి వైరు గుచ్చే బాధ్యత నాదైంది. చిన్నోడు కూడా వచ్చాక ముగ్గురి ఆలనాపాలనా నాదే. ఇందులో విద్యేమీ లేదని, ఎవరు గుచ్చినా నెట్ వస్తుందని ఎంత చెప్పినా మా వాళ్లు వినరు. "వద్దు బాబాయ్, మీ చెయ్యి పడితేనే దారికొస్తాయి అవి" అంటారు. నేను భోజనం మధ్యలో ఉంటే, నా కంచం దగ్గర నిలబడి ఎదురుచూస్తారు గానీ, ఆ అలమర తలుపు మీద చెయ్యి వెయ్యరు. తెలుగులో దీన్నే గౌరవం అంటారు. నేను అలాగే అనుకుంటున్నాను.

మూడు కనెక్షన్లవల్ల లాభాలేమిటో చెబుతాను వినండి. మొదటి లాభం మనశ్శాంతి. ఒక్క కంపెనీ ఉన్నప్పుడు నెట్ పోతే తప్పెవరిదో అందరికీ తెలిసిపోయేది. ఇప్పుడా బాధ లేదు. పెద్దోడి కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ దగ్గర వేరే కంపెనీ కూడా ఉందా అండీ? ఐతే ప్రాబ్లమ్ వాళ్లది" అంటారు. వాళ్లకి చేస్తే మూడోవాళ్లది అంటారు. మూడోవాళ్లు మళ్లీ మొదటివాళ్లది అంటారు. తిలా పాపం తలా పిడికెడు!

ఒకసారి మేనేజర్ గారు పట్టుబట్టి ముగ్గురు రిపేరువాళ్లనీ ఒకేసారి పిలిపించారు. అలమర ముందు వాదించుకున్నారు చూడండి, చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు. ఒకడు ఇంకొకడి వైరుని నలుగురిలో పట్టుకుని ఊపాడు. చేతులు కలుస్తాయేమోనని క్యాషియరమ్మ తన టిఫిన్ డబ్బా తీసి దూరంగా పెట్టుకుంది. చివరికి ఏమీ తేలలేదు. వాళ్లు కిందికి వెళ్లాక కిటికీలోంచి చూస్తే ముగ్గురూ ఒకే బైకు ఎక్కి వెళ్లిపోతున్నారు.

రెండో లాభం, అభివృద్ధి. నేనెందుకు, నా చేతులెందుకు అని, ఒక లైను పడిపోతే తనంతట తానే ఇంకో లైనుకి మారిపోయే యంత్రమొకటి కొన్నారు మేనేజర్ గారు. దాన్ని చూసి నేనెంత సంతోషించానో, ఎందుకు సంతోషించానో తర్వాత చెబుతాను. యంత్రం బాగానే మారేది. మరీ బాగా మారేది. పెద్దోడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే చాలు, నడిపోడి దగ్గరికి గెంతేది. నడిపోడు తుమ్మితే చిన్నోడి దగ్గరికి. అది గెంతినప్పుడల్లా క్యాషియరమ్మ బ్యాంకు సైటులోంచి బయటికొచ్చి పడేది. ఇప్పటిదాకా ఒక ఇంటి నుంచి మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి ఇంకో ఇంటి నుంచి మాట్లాడితే బ్యాంకుకి అనుమానం రాదూ? మీరెవరు, మళ్లీ చెప్పండి అనేది. ఆవిడ చెప్పేది. అంతలో ఇది మళ్లీ గెంతేది. ఒకరోజు బ్యాంకువాళ్లు ఆవిణ్ని దొంగ కింద కట్టి అకౌంటే మూసేశారు. ఆవిడ యంత్రం ప్లగ్గు పీకి, తెచ్చి నా బల్ల మీద పెట్టి, "బాబాయ్, మీరే నయం" అంది.

యంత్రం ఇప్పుడు అలమర మీద ఉంది. దాని మీద మొక్క పెట్టారు.

సరే, నా సంతోషం సంగతి. మా అమ్మాయి వాళ్లది వేరే ఊరు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగచ్చు. దానికి ఆడపిల్ల పుట్టింది. అమ్మాయి మళ్లీ ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టడంతో, పిల్లని చూసుకోవడానికి మా ఆవిడ అక్కడే ఉండిపోయింది. మా ఊళ్లో నేనూ, నా వంటా, అది తినే నేనూ. నా మనవరాలు అప్పటికే గోడ పట్టుకుని నడుస్తోంది. నేనింకా దాన్ని ఎత్తుకోలేదు.

మీరు అపార్థం చేసుకోకండి, మేనేజర్ గారు సెలవివ్వనని ఒక్కసారి కూడా అనలేదు. "తప్పకుండా వెళ్లండి బాబాయ్ గారూ. మనవరాలంటే మాటలా? మూడూ సరిగ్గా పనిచేస్తున్న రోజు చూసుకుని బయల్దేరండి" అన్నారు. ఎంత న్యాయమైన మాట! ఒక్కడే ఉన్న రోజుల్లో పెద్దోడు ఎప్పుడో ఒకసారి పడేవాడు. ఇప్పుడు ముగ్గురున్నారు కాబట్టి ఎవడో ఒకడు పడని రోజంటూ లేదు. ఆ మంచిరోజు కోసం నేను పిల్ల పుట్టినప్పట్నుంచీ ఎదురుచూస్తూ వచ్చాను.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "ప్రతిదానికీ స్పేర్ ఉండాలంటారు కదండీ, నాకొక స్పేర్‌ని చూడచ్చు కదా?" అని.

ఆయన నొచ్చుకున్నారు. "మీకు స్పేరా? మీలాంటి మనిషి ఇంకొకరు దొరుకుతారా బాబాయ్ గారూ" అన్నారు. ఆ మాటకి నేను ఉబ్బి తబ్బిబ్బై వచ్చి నా సీట్లో కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, మళ్లీ సెలవు లేదని.

ఐనా నాకేం తక్కువ? మూడు ఇంటర్‌నెట్లున్నవాణ్ని. మా ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి, రోజూ ఆఫీసులోనే భోజనాల వేళ వీడియో కాల్ చేసి మనవరాల్ని చూసుకుంటాను. ఆ సమయానికి చిన్నోడు కునుకు తీస్తుంటాడని చెప్పాను కదా. పైగా హాలంతా అన్నం తింటూ సినిమాలు చూస్తుంటుంది. "ఏమ్మా బంగారూ" అని నేను నోరు తెరవడం, నెట్ ఆగిపోవడం ఒకేసారి జరుగుతాయి. లేచి వెళ్లి వేరే వైరు గుచ్చి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది.

మొన్నొకరోజు, ఎవరి పుణ్యమో, కాల్ కాసేపు సవ్యంగా నడిచింది. మా అమ్మాయి తెగ నవ్వుతోంది. "నాన్నా, దీని వేషాలు చూడు. కొత్తగా నేర్చుకుంది" అంటూ పిల్లని ఫోన్ ముందు కూర్చోబెట్టింది.

"తాతయ్య ఎలా ఉంటాడే?" అని అడిగింది.

పిల్ల వెంటనే నోరు బార్లా తెరిచింది. కళ్లు సగం మూసింది. మెడ ఓ పక్కకి వాల్చింది. అలాగే బిగుసుకుపోయింది. ఇటు నెట్ ఆగిందేమోనని నేను లేవబోయాను. వెనకాల గోడ మీద ఫ్యాను నీడ తిరుగుతూనే ఉంది. నెట్ బాగానే ఉంది. పిల్ల నన్ను చూపిస్తోంది!

హాల్లో వాళ్లంతా వచ్చి చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, నీళ్లు తాగుదామని ఫిల్టర్ దగ్గరికి వెళ్లాను. గ్లాసు పట్టుకుని అలమర వంక చూశాను. అది నేను కాదమ్మా, చిన్నోడు అని ఆ పిల్లకి ఎవరు చెబుతారు?

తిరిగొచ్చేసరికి ఫోన్లో మా ఆవిడ ఉంది. ఆవిడ నవ్వడం లేదు. "ఏవండీ, మీ ఆఫీసులో తీగ తెగితే ఇంకో తీగ ఉంటుంది. మీరు లేకపోతే ఇంకో మనిషి ఉండడా?" అంది. నా దగ్గర మంచి జవాబే ఉంది. చెబుదామని నోరు తెరిచాను. చిన్నోడు పడుకున్నాడు.

ఇక మూడో లాభం చెప్పాలి. అందం! మూడు కంపెనీల వైర్లు మూడు దిక్కుల నుంచి వచ్చి మా గోడకి వేలాడుతుంటే, వచ్చేపోయేవాళ్లకి బట్టలు ఆరేసుకునే తాళ్లలా కనిపిస్తున్నాయని మేనేజర్ గారికి చిన్నతనం అనిపించింది. "ముగ్గుర్నీ కలిపి ఒకే గొట్టంలో వేసి, ఫుట్‌పాత్ కింద నుంచి నీటుగా లాగించండి" అన్నారు. లాగించాం. చాలా నీటుగా ఉంది. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉండాలని తెప్పించుకున్న ముగ్గుర్నీ ఒకే దారిలో పడుకోబెట్టి, అందరం కలిసి ఆ గొట్టాన్ని మెచ్చుకున్నాం. నేను కూడా మెచ్చుకున్నాను.

పోయిన వారం మా వీధిలో మురుగుకాలువ కోసం తవ్వకం మొదలైంది. తవ్వే మిషన్ మా గేటు ముందుకొచ్చి, ఫుట్‌పాత్‌లో పన్ను దించి, పైకి లేపింది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలంటారు. అది మూడు కొట్టింది.

"బాబాయ్, పెద్దోడు పోయాడు!" అని హాల్లోంచి కేక. నేను లేచి నడిపోడి వైరు గుచ్చాను. లేదు. చిన్నోడిది గుచ్చాను. లేదు. మళ్లీ పెద్దోడిది. మేనేజర్ గారు వచ్చి నా వెనకాల నిలబడి, డాక్టరు పక్కన బంధువులా, "ఏమైనా ఆశ ఉందా?" అని అడిగారు. కిటికీలోంచి చూపించాను. మిషన్ పంటికి మా నీటైన గొట్టం వేలాడుతోంది. మూడు రంగుల వైర్లూ దాని చివర కలిసికట్టుగా ఊగుతున్నాయి.

ముగ్గురు రిపేరువాళ్లూ ఒకే బైకు మీద వచ్చారు. గోతిలోకి తొంగి చూశారు. జీవితంలో మొదటిసారి ముగ్గురూ ఒకే మాట మీద నిలబడ్డారు. తవ్వకం పూర్తయి, గొయ్యి పూడ్చేదాకా చేసేదేమీ లేదన్నారు.

ఆ మధ్యాహ్నం మా ఆఫీసులో జరిగిన ఘోరం చెప్పడానికి నోరు రావడం లేదు. కుర్చీలు వెనక్కి వాలాయి. క్యాషియరమ్మకి బొమ్మలు వెయ్యడం వచ్చని తెలిసింది. స్టోర్సులో ఉండే ఆయనా, ఆర్డర్లు చూసే అమ్మాయీ ఒకే వీధిలో ఇన్నాళ్లుగా ఉంటున్నారట, ఆ రోజే తెలుసుకున్నారు. కిటికీ దగ్గర నలుగురు చేరి, మిషన్ నడిపేవాడికి ఎటు తవ్వాలో సలహాలిచ్చారు.

నేను మేనేజర్ గారి గదిలోకి వెళ్లాను. "మార్చడానికి వైర్లే లేవు కదండీ. మార్చేవాడితో పనేముంది? ఈ రాత్రి బస్సుకి వెళ్లొస్తాను" అన్నాను.

ఆయన అటు చూశారు, ఇటు చూశారు. డ్రాయర్ తెరిచి మూశారు. ఎంత వెతికినా ఆయన దగ్గర స్పేర్ జవాబు దొరకలేదు. "సరే, వెళ్లిరండి" అన్నారు.

తెల్లారి మా అమ్మాయి ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. మా ఆవిడ పిల్లని చంకనేసుకుని ఎదురొచ్చింది. "బంగారూ" అని చేతులు చాచాను. పిల్ల నన్ను చూసి ఘొల్లుమంది. ఊపిరాడనంత గట్టిగా మా ఆవిడ మెడ పట్టుకుని, మొహం దాచుకుంది.

"తాతయ్యే! రోజూ చూస్తావుగా" అంది మా అమ్మాయి. పిల్ల ఏడుపు ఆపి, వాళ్లమ్మ చేతిలోని ఫోన్ వంక చూసింది. తాతయ్య ఉండేది అందులో కదా. అందులో లేను. మళ్లీ ఏడుపు. బస్సులో రాత్రంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బొమ్మ చేతిలో ఉంది. దాన్నేం చెయ్యాలో తోచక అక్కడే నిలబడ్డాను. చెప్పొద్దూ, ఆ క్షణాన ముగ్గురి మీదా పీకలదాకా కోపం వచ్చింది నాకు.

మా ఆవిడే దారి చూపించింది. "కదలకండి. కదిలితే మీరని దానికెలా తెలుస్తుంది? నోరు తెరవండి" అంది.

నోరు బార్లా తెరిచాను. కళ్లు సగం మూశాను. మెడ ఓ పక్కకి వాల్చి, గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. పక్కింటాయన పాల ప్యాకెట్టుతో వెళ్తూ వెళ్తూ ఆగి చూసినట్టున్నాడు. చూడనీ.

ఏడుపు ఆగింది. తర్వాత చిన్న చెయ్యి ఒకటి నా చెంప మీద పడింది. ఆగిపోయిన ఫోన్‌ని తట్టినట్టు తట్టింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. నేను కదిలాను. అది పకపకా నవ్వి, నా మీదికి ఉరికింది. ఎత్తుకున్నాను. ఇంత బరువుంటుందని వీడియోలో తెలియలేదు.

మా అమ్మాయి ఇంట్లో ఒక్కటే నెట్. అదీ బాగానే పనిచేస్తోంది పాపం.

ఈ కాలమ్ ఇక్కణ్నుంచే రాస్తున్నాను. ఇందాకే మేనేజర్ గారు వీడియో కాల్ చేశారు. పిల్ల నా ఒళ్లో ఉంది. "బాబాయ్ గారూ, గొయ్యి పూడ్చేశారు, ముగ్గురూ వచ్చేశారు. కానీ పెద్దోడు పొద్దున్నే పడిపోయాడు. నా ఫోన్ నెట్‌తో మాట్లాడుతున్నాను. హాలంతా ఖాళీగా కూర్చుంది. మీరెప్పుడు బయల్దేరుతున్నారు?" అన్నారు.

ఈ రాత్రికే అని చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాను. కళ్లు సగం మూశాను. మెడ ఓ పక్కకి వాల్చాను.

పిల్ల ఒకసారి నా మొహంలోకి చూసింది. వెంటనే అదీ నోరు తెరిచి, మెడ వాల్చి, బిగుసుకుపోయింది. నాకంటే బాగా చేస్తుంది.

"హలో? బాబాయ్ గారూ? అయ్యో, ఇద్దరూ ఆగిపోయారే. వినపడుతోందా? పోనీ ఏ వైరు పీకాలో అదైనా చెప్పండి" అన్నారాయన. మేం కదల్లేదు. సగం మూసిన కళ్లలోంచి చూస్తున్నాను. ఆయన ఫోన్ చేత్తో పట్టుకునే లేచారు. నీళ్ల ఫిల్టర్ వచ్చింది. అలమర తలుపు వచ్చింది. కాసేపు తటపటాయించి, ఆయనే తలుపు తెరిచి, పెద్దోడి వైరు పీకి, నడిపోడిది గుచ్చారు.

హాల్లోంచి చప్పట్లు వినిపించాయి.

ఆయన మొహం వెలిగిపోయింది. పాపం, కుర్రాడు. ఆ చప్పట్లు మనిషిని ఎంతదూరం తీసుకెళ్తాయో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఒక్క మాట చెప్పి హెచ్చరిద్దామనే అనిపించింది. కానీ ఏం చెయ్యను, నా నెట్ ఆగిపోయింది కదా.